మర్చిపోయినవాళ్ళ కథలు: ఈ మధ్య వచ్చిన నాలుగు నవలలు



ఆమధ్య ఒక పెద్దాయన నాకు మెయిల్ పంపారు. రిటైరైన లెక్కల మాస్టారు. ఈ కార్యక్రమం వదలకుండా చూస్తారట. "మా మనవడు ఎప్పుడు చూసినా రాకెట్లు, రక్తపిశాచాలు ఉన్న లావుపాటి ఇంగ్లీషు నవలలు చదువుతున్నాడు. వాటి వల్ల వాడికి ఏం వస్తుంది? అందులో నాలాంటివాడు చదవదగ్గది ఏమైనా ఉందా?" అని అడిగారు. ఎగతాళిగా అడగలేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగారు. ఈరోజు ఎపిసోడ్ ఆయనకి జవాబు.

మాస్టారూ, ముందుగా ఒక విషయం. ఇవి మీ తరానికి కొత్తవేమీ కావు. చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం గారి 'తోకచుక్క', 'రాకాసిలోయ' కోసం నెల నెలా ఎదురుచూసింది మీరే. మధిర సుబ్బన్న దీక్షితులు గారి కాశీమజిలీ కథలు మీ ఇళ్ళల్లో ఉండేవి. తర్వాత యండమూరి గారి 'తులసిదళం' చదివి, రాత్రిపూట నీళ్ళు తాగడానికి కూడా లేవలేకపోయిన వాళ్ళు నాకు చాలామంది తెలుసు. ఎక్కడో ఒకచోట "ఇక పెద్దయ్యాం కదా" అని మనం మానేశాం. రాసేవాళ్ళు మాత్రం ఆగలేదు.

అందుకని ఈరోజు నాలుగు నవలల గురించి చెప్తాను. నాలుగూ 2020లోనో ఆ తర్వాతో వచ్చినవే. ఒకటి సైన్స్ ఫిక్షన్, ఒకటి ఫాంటసీ, ఒకటి హారర్. నాలుగోది మన కోనసీమ కొబ్బరితోటలో మొదలయ్యే సైన్స్ ఫిక్షన్. నేను వీటిని ఒక లెక్క ప్రకారం ఎంచుకోలేదు. వరసగా చదివాక గమనించిందేమిటంటే, నాలుగింటిలోనూ ఎవరో ఒకరు ఏదో ముఖ్యమైన సంగతి మర్చిపోయి ఉంటారు, లేదా వాళ్ళకి దాన్ని ఎవరూ చెప్పి ఉండరు. అది బయటికి రావడమే కథ. ముగింపులు చెప్పను, భయపడకండి. తేలికైన దానితో మొదలుపెట్టి బరువైన దానికి వెళ్దాం.

మొదటిది 'ప్రాజెక్ట్ హెయిల్ మేరీ'. రాసింది ఆండీ వియర్, 2021లో వచ్చింది. ఈయన 'ది మార్షియన్' రాసిన ఆయనే. దీన్ని కూడా సినిమాగా తీశారు, రయన్ గాస్లింగ్ హీరో. సినిమా చూసినవాళ్ళు కూడా పుస్తకం చదవచ్చు, ఎందుకో చెప్తాను.

ఒకతను అంతరిక్ష నౌకలో కళ్ళు తెరుస్తాడు. పక్కన ఇద్దరు చనిపోయి ఉన్నారు. తన పేరేంటో తనకే గుర్తులేదు. ఇక్కడి గురుత్వాకర్షణ భూమి మీద ఉన్నట్టు లేదని, ఒక వస్తువు ఎంతసేపటికి కింద పడుతుందో కొలిచి తేల్చుకుంటాడు. అంటే పేరు మర్చిపోయాడు గానీ ఫిజిక్స్ మర్చిపోలేదు! తర్వాత నెమ్మదిగా తెలుస్తుంది: అతను స్కూల్లో సైన్స్ టీచర్. సూర్యుడి శక్తిని తినేసే సూక్ష్మజీవులు పుట్టుకొచ్చాయి, సూర్యుడు మసకబారుతున్నాడు. దానికి విరుగుడు దాదాపు 12 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న టౌ సెటి అనే నక్షత్రం దగ్గర ఉండొచ్చు. అందుకే ఈ ప్రయాణం.

మాస్టారూ, ఇది మీకోసమే. ప్రతి ఇరవై పేజీలకీ ఒక సమస్య, దానికి ఒక లెక్క. లెక్కలు రానివాళ్ళకి కూడా అర్థమయ్యేటట్టు రాశాడు. ఇంగ్లీషు చాలా సులువు. లోపం లేదా అంటే ఉంది. హీరో వేసే జోకులు కొన్నిచోట్ల విసుగు పుట్టిస్తాయి. భూమి మీద ఉన్న మిగతా మనుషులు పనికోసం పెట్టుకున్న పాత్రల్లా ఉంటారు. కానీ అతనికి జ్ఞాపకాలు ముక్కలు ముక్కలుగా తిరిగొస్తుంటాయి కదా, వాటిలో ఆఖరుది ఒకటుంది: అసలు తను ఈ ఓడలోకి ఎలా వచ్చాడు అన్నది. అది తన గురించి తనకి గర్వంగా అనిపించే జ్ఞాపకం కాదు. అంతవరకూ సరదాగా చదువుతున్నవాణ్ణి, అక్కడ పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను. వినే అలవాటు ఉన్నవాళ్ళు ఆడియో పుస్తకం వినండి. రే పోర్టర్ చదివారు, చాలా బాగా చదివారు.

రెండోది 'పిరనేసి'. రచయిత్రి సుజానా క్లార్క్. 2020 సెప్టెంబరులో వచ్చింది, 2021లో విమెన్స్ ప్రైజ్ గెలుచుకుంది. ఈవిడ మొదటి నవల 2004లో వచ్చింది, దాదాపు ఎనిమిది వందల పేజీలు. ఆ తర్వాత దీర్ఘకాలిక అనారోగ్యంతో ఏళ్ళ తరబడి ఇంటికే పరిమితమయ్యారు. రెండో నవల రావడానికి 16 ఏళ్ళు పట్టింది. ఇది మూడు వందల పేజీలు కూడా లేదు.

కథ ఒక ఇంట్లో జరుగుతుంది. ఆ ఇంటికి అంతు లేదు. హాలు తర్వాత హాలు, గోడల నిండా పాలరాతి విగ్రహాలు. కింది అంతస్తులో సముద్రం ఉంటుంది, పై అంతస్తులో మేఘాలు ఉంటాయి. అందులో ఒక మనిషి ఉంటాడు. చేపలు పట్టుకుంటాడు, సముద్రపు నాచుతో చారు కాచుకుంటాడు, ఆటుపోట్ల లెక్క రాసుకుంటాడు. ఈ లోకంలో ఇప్పటివరకూ పుట్టినవాళ్ళు మొత్తం పదిహేను మందే అని అతని నమ్మకం. వాళ్ళలో పదమూడుమంది అస్థిపంజరాలు. వాటిని శుభ్రం చేసి, పూలు పెట్టి, మాట్లాడతాడు. బతికున్న రెండోమనిషి వారానికి రెండుసార్లు, మంచి సూటు వేసుకుని, వచ్చి వెళ్తుంటాడు. ఆ సూటు ఎక్కణ్ణుంచి వచ్చిందో ఇతనికి అనుమానం రాదు. మనకి వస్తుంది.

ఇతను డైరీలు రాస్తాడు. ఒకరోజు పాత డైరీలు తిరగేస్తుంటే, తన చేతిరాతతోనే, తనకి బొత్తిగా గుర్తులేని సంగతులు కనిపిస్తాయి. అక్కణ్ణుంచి కథ డిటెక్టివ్ నవలలా పరిగెడుతుంది.

నేనిది కోవిడ్ రోజుల్లో చదివాను. రెండు గదుల ఫ్లాటులో కూర్చుని, అంతులేని ఇంటి గురించి. అప్పుడు నన్ను పట్టుకున్నది రహస్యం కాదు. ఆ మనిషికి ఆ ఇంటి మీద ఉన్న కృతజ్ఞత. చలికి వణుకుతూ, చెప్పులు కూడా సరిగ్గా లేకుండా, "ఈ ఇల్లు నన్ను చూసుకుంటోంది" అనుకుంటూ ఉంటాడు. అతను మోసపోతున్నాడని మనకి తెలుసు. నిజం తెలిశాక అతనికి ఆ ప్రేమ మిగులుతుందా, మిగలాలా? నవల ఈ ప్రశ్నని చివరిదాకా వదిలిపెట్టదు. మొదటి నలభై పేజీలు కొంచెం అయోమయంగా ఉంటాయి. ఓపిక పట్టండి. అయోమయం అతనికి కాదు, మనకే. మీ ఇంట్లో పదహారు, పదిహేడేళ్ళ పిల్లలుంటే వాళ్ళతో కలిసి చదవడానికి దీనికంటే మంచిది నాకు తెలీదు.

ఇక మూడోది. చిన్నపిల్లలు పక్కనుంటే ఈ భాగం తర్వాత వినండి. 'ది బఫెలో హంటర్ హంటర్', 2025 మార్చిలో వచ్చింది. రచయిత స్టీఫెన్ గ్రాహం జోన్స్, అమెరికాలోని బ్లాక్‌ఫీట్ తెగకి చెందిన ఆయన. ఇది రక్తపిశాచి నవల.

ముందు చరిత్ర చెప్పాలి. 1870 జనవరి 23 తెల్లవారుజామున, ఇప్పటి మోంటానా రాష్ట్రంలో మరాయస్ నది ఒడ్డున, గడ్డకట్టే చలిలో, అమెరికా సైన్యం ఒక బ్లాక్‌ఫీట్ శిబిరం మీద కాల్పులు జరిపింది. సైన్యం వెతుకుతున్న శిబిరం అది కాదు. దారి చూపించడానికి వచ్చినవాడు ఇది వేరే శిబిరం అని అరిచి చెప్పినా వినలేదు. ఆ శిబిరం పెద్ద, హెవీ రన్నర్, తాను స్నేహితుణ్ణని ప్రభుత్వం ఇచ్చిన కాగితం పట్టుకుని బయటికి వచ్చాడు. ఆయన్నీ కాల్చేశారు. అప్పటికే శిబిరంలో మశూచి ఉంది. చనిపోయినవాళ్ళు దాదాపు రెండు వందలమంది, ఎక్కువగా ఆడవాళ్ళు, పిల్లలు, ముసలివాళ్ళు. దీనికి ఎవరికీ శిక్ష పడలేదు. ఆ కాలంలోనే బఫెలోలని, అంటే అడవిదున్నల్ని, తోళ్ళకోసం చంపి మాంసాన్ని మైదానాల్లో కుళ్ళబెట్టేశారు. కోట్లలో ఉండేవి, ఇరవై ఏళ్ళు తిరక్కుండా వందల్లోకి పడిపోయాయి. వాటి మీదే బతికే తెగలు ఆకలికి లొంగిపోయాయి.

ఇప్పుడు కథ. 1912లో, మైల్స్ సిటీ అనే చిన్న ఊళ్ళో, ఆర్థర్ అనే ముసలి లూథరన్ పాస్టరు ఉంటాడు. తిండి యావ ఉన్న మనిషి, చదువుకున్నవాడు, చమత్కారి. డైరీ రాస్తుంటాడు. ఆదివారం ఆదివారం ఒక బ్లాక్‌ఫీట్ మనిషి చర్చికి వచ్చి వెనక బెంచీలో కూర్చుంటాడు. పేరు గుడ్ స్టాబ్. అందరూ వెళ్ళాక, "నా పాపాలు చెప్పుకుంటాను, వింటావా" అంటాడు. వారం వారం చెప్తాడు. అటు ఊరి బయట తోలు ఒలిచిన శవాలు దొరుకుతుంటాయి, మనుషులవి. ఈ డైరీ వందేళ్ళ తర్వాత, 2012లో, ఒక పాత ఇంటి గోడలో దొరికి, ఆర్థర్ వంశంలో పుట్టిన ఒక ప్రొఫెసరు చేతికి వస్తుంది.

గుడ్ స్టాబ్ రక్తం తాగితేనే బతుకుతాడు. ఇందులో జోన్స్ పెట్టిన నియమం ఒకటుంది. నేను చదివిన హారర్‌లో ఇంత క్రూరమైన నియమం ఇంకోటి గుర్తులేదు: ఏ ప్రాణి రక్తం ఎక్కువగా తాగితే నెమ్మదిగా ఆ ప్రాణిలా మారిపోతాడు. జింకల్ని తాగితే జింక లక్షణాలు వస్తాయి. తెల్లవాళ్ళని తాగితే గడ్డం మొలుస్తుంది, ఒళ్ళు తెల్లబడుతుంది. తను తన తెగవాడిగానే మిగలాలంటే? ఎవరి రక్తం తాగాలో మీకు అర్థమైపోయి ఉంటుంది. తన వాళ్ళని కాపాడుకుందామని బతికున్నవాడు, తన వాళ్ళలాగా ఉండాలంటే తన వాళ్ళనే తినాలి. ఒక జాతిని ఊడ్చేసిన తర్వాత మిగిలినవాడి పరిస్థితి గురించి చరిత్ర పుస్తకాలు నాకు చెప్పలేనిది ఈ ఒక్క నియమం చెప్పింది.

ఇక వింటున్న పాస్టరు. మొదట్లో మనం ఆయన పక్షాన ఉంటాం. మర్యాదగా వింటాడు, జాలిపడతాడు, రాసిపెడతాడు. పోనుపోనూ, గుడ్ స్టాబ్ ఈ ఊరికే, ఈ చర్చికే, ఈ మనిషి దగ్గరికే ఎందుకు వచ్చాడన్న అనుమానం మొదలవుతుంది. అంతకంటే చెప్పను.

కష్టం ఏమిటంటే భాష. గుడ్ స్టాబ్ జంతువుల్ని తన భాషలోని అర్థాలతో పిలుస్తాడు. అడవిదున్నని నల్లకొమ్ములది అంటాడు. మొదటి యాభై పేజీలు తడుముకుంటూ చదవాలి. హింస చాలా ఉంది. పిల్లల చావులు తట్టుకోలేనివాళ్ళు దీని జోలికి వెళ్ళకండి, ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. చివర్లో 2012కి తిరిగొచ్చిన భాగం నాకు అంత అతకలేదు. అయినా ఈ నాలుగింటిలో రాత్రి నిద్రపట్టనివ్వనిది ఇదే.

ఇక నాలుగోది. నిజానికి ఈ ఎపిసోడ్ చేయడానికి కారణం ఇదే.

'ది ఇమ్మోర్టల్ కింగ్ రావ్'. రచయిత్రి వౌహిని వారా, 2022లో వచ్చింది, 2023లో పులిట్జర్ ఫైనలిస్టుల్లో ఒకటి. ఈవిడ వాల్ స్ట్రీట్ జర్నల్‌లో టెక్నాలజీ కంపెనీల గురించి రాసిన విలేఖరి. తండ్రి వైపు ఆంధ్రలోని దళిత కుటుంబం, కొబ్బరితోట ఉన్న కుటుంబం. పదేళ్ళకు పైగా ఈ నవల రాశారు.

1950లలో కొత్తపల్లి అనే ఊళ్ళో, ఒక కొబ్బరితోటలో, పెద్ద ఉమ్మడి దళిత కుటుంబంలో ఒక పిల్లాడు పుడతాడు. పేరు కింగ్ రావ్. 1970లలో చదువుకోవడానికి అమెరికా వెళ్ళి కంప్యూటర్ కంపెనీ పెడతాడు. కంపెనీ పేరు కోకోనట్! అది పెరిగి పెరిగి ప్రపంచాన్నే మింగేస్తుంది. దేశాలు పోయి, జనం పౌరులు కాకుండా షేర్‌హోల్డర్లు అవుతారు. ఎవరికి ఏం దక్కాలో ఒక అల్గారిథం తేలుస్తుంది. ఆ ప్రపంచానికి పెద్ద మన కింగ్ రావ్. ఈ కథ మనకి చెప్పేది అతని కూతురు ఎథీనా. ఆమె జైల్లో ఉంది, తండ్రిని చంపిందన్న నేరం మీద. ఆ తండ్రి తన జ్ఞాపకాలన్నీ టెక్నాలజీతో ఆ పిల్ల తలలోకి ఎక్కించాడు. అందుకే ఏనాడూ చూడని కొబ్బరితోట, తాతమ్మలు, వాళ్ళ తగాదాలు, అన్నీ ఆమెకి సొంత జ్ఞాపకాల్లా వస్తుంటాయి.

నా లెక్కలో అమెరికా భాగం కంటే తోట భాగం చాలా గొప్పది. కంపెనీ ఎదిగిన తీరు కొన్నిచోట్ల వార్తాకథనంలా గబగబా సాగిపోతుంది. మూడు కాలాల మధ్య కథ దూకుతుంటుంది, జాగ్రత్తగా చదవాలి. కానీ తోటలో ఎవరు ఎవరితో ఎందుకు మాట్లాడటం మానేశారు, ఏ వాటా దగ్గర అన్నదమ్ములు విడిపోయారు, అదంతా మన ఇళ్ళల్లో విన్నట్టే ఉంటుంది.

నేను కోనసీమలోనే పుట్టాను. మాకూ కొబ్బరితోట ఉండేది. అది చదువుతూ మొదట నేను సంబరపడ్డాను, మా ఊరు ఇంగ్లీషు నవలలోకి వచ్చిందని. ఒక వంద పేజీలు అయ్యాక తెలిసింది, వచ్చింది మా ఊరు కాదని. మా ఊళ్ళో నేను ఎన్నడూ వెళ్ళని వైపు వచ్చింది.

మా తోటలో దింపు తీయడానికి ఒకాయన వచ్చేవారు. మా తాతగారి వయసు ఉంటుంది. ఎనిమిదేళ్ళ నేను ఆయన్ని పేరు పెట్టి, "ఒరేయ్" అని పిలిచేవాణ్ణి. చెట్టు దిగాక దాహమేస్తే పెరట్లోకి వచ్చి దోసిలి పట్టేవారు. మా నాయనమ్మ నాచేత నీళ్ళు పోయించేది, "చెంబు తగలనీకురా" అనేది. ఆ దోసిలి నాకు గుర్తుంది. వేళ్ళు బిగించి పట్టినా నీళ్ళు మోచేతుల మీదుగా కారిపోయేవి, సగమైనా నోట్లోకి వెళ్ళేవి కావు. నేను నవ్వేవాణ్ణి. ఆ నవ్వు నేను మర్చిపోయాను. నలభై ఏళ్ళు నాకది గుర్తులేదు. నవలలో ఎథీనా తలలోకి వచ్చినట్టు, ఒక రాత్రి రెండింటికి, ఈ పుస్తకం చేతిలో ఉండగా నా తలలోకి వచ్చింది.

ఇంకో సంగతి. ఈ నవల వచ్చింది 2022 మే నెలలో. అదే మే నెల 24న అమలాపురంలో, జిల్లాకి అంబేద్కర్ పేరు పెట్టడం మీద గొడవ జరిగి, ఒక మంత్రి ఇల్లు, ఒక ఎమ్మెల్యే ఇల్లు తగలబెట్టారు. కోనసీమలో పుట్టిన దళితుడు ప్రపంచాన్ని ఏలాడని అక్కడ ఒకావిడ ఊహించి రాస్తే, ఇక్కడ ఒక పేరు బోర్డు మీద రావడానికే ఇళ్ళు తగలబడ్డాయి. ఇది ఊహాలోకపు నవల అని పక్కన పెట్టడం ఇక నా వల్ల కాలేదు.

పుస్తకం అయ్యాక ఊళ్ళో ఉన్న మా బాబాయికి ఫోన్ చేశాను. "బాబాయ్, మనకి దింపు తీసేవారు, ఆయన ఇంటిపేరేంటి?" అని అడిగాను. బాబాయి కాసేపు ఆలోచించి, "ఏమోరా, ముప్ఫై ఏళ్ళు మన తోటలో చేశాడు గానీ, ఎప్పుడూ అడగలేదు. పోయి చాలాకాలమైంది. వాళ్ళబ్బాయి మస్కట్‌లో ఉంటాడంటారు. ఇప్పుడెందుకు?" అన్నాడు. ఎందుకో నేను సరిగ్గా చెప్పలేకపోయాను. ఒక నవల చదివాను బాబాయ్, అన్నాను. ఈసారి ఊరెళ్ళినప్పుడు అడిగి తెలుసుకోవాలి. తెలుసుకుని ఏం చేస్తానంటే, నా దగ్గర జవాబు లేదు.

మాస్టారూ, మీ మనవడికి ఏం వస్తుందని అడిగారు. వాడి సంగతి నేను చెప్పలేను. ఇందులో మార్కులు వచ్చేది లేదు. నాకేం వచ్చిందో మాత్రం చెప్పాను. మామూలు నవల అయితే, సామాజిక సమస్య మీద రాసింది అయితే, నేను ముందే సిద్ధపడి చదివేవాణ్ణి. తలూపి, బాగుంది అని, అలమరలో పెట్టేసేవాణ్ణి. రాకెట్లు, పిశాచాలు, అల్గారిథమ్‌లు అనేసరికి కాలక్షేపం కదా అని ఏ కాపలా లేకుండా కూర్చున్నాను. అప్పుడు దొరికిపోయాను.

చివరిగా, దేనితో మొదలుపెట్టాలి? ఇంగ్లీషు నవలలు అలవాటు లేనివాళ్ళు 'ప్రాజెక్ట్ హెయిల్ మేరీ'తో మొదలుపెట్టండి. తక్కువ పేజీలు కావాలి, అందంగా ఉండాలి అనుకుంటే 'పిరనేసి'. గట్టి గుండె, ఓపిక రెండూ ఉంటే 'బఫెలో హంటర్ హంటర్'. తూర్పుగోదావరి, కోనసీమ వాళ్ళయితే మాత్రం, ఏ వైపువాళ్ళయినా సరే, 'ఇమ్మోర్టల్ కింగ్ రావ్' చదవండి. చదివి నాకు రాయండి. ముఖ్యంగా, నేను వెళ్ళని వైపు నుంచి చదివినవాళ్ళు రాయండి. మీకు అది నాకు కనిపించినట్టు కనిపించి ఉండదు. ఎక్కడ తప్పు చదివానో చెప్తే వచ్చే ఎపిసోడ్‌లో చదివి వినిపిస్తాను.

మాస్టారూ, ఈ వారం ఒక పని చేయండి. మనవడు చదువుతున్న పుస్తకం పేరేంటో అడగండి. మొదటి పేజీ వాణ్ణే చదివి వినిపించమనండి. నచ్చకపోతే నాకు మెయిల్ పెట్టి తిట్టండి.

ఉంటాను. నమస్కారం.